నాన్నకి 71 ఏళ్లు, లివర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి వయసు మించిపోయిందన్నారు. నిజంగా మించిపోయినట్టేనా?

ఎదురుగాలి
మా నాన్నకి 71. ఫ్యాటీ లివర్ ముదిరి సిరోసిస్ అయింది. మందు అలవాటు ఏనాడూ లేదు, షుగర్ మాత్రం చాలా ఏళ్లుగా ఉంది. కొన్ని నెలలుగా పొట్టలో నీరు చేరుతోంది, తీయిస్తున్నాం. మధ్యలో ఒకసారి పగలో రాత్రో తెలియనంత అయోమయంలో పడిపోతే ఆసుపత్రిలో చేర్చాం. లివర్ జబ్బు ఎంత ప్రమాదకరంగా ఉందో చెప్పే మెల్డ్ స్కోరు 19 అన్నారు, అది పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువట.

ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే ఫైల్ తెరిచి, వయసు చూసి, "ఈ వయసులో ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచన పెట్టుకోకండి" అన్నారు. గుండె పరీక్ష చేయలేదు, మనిషిని నాలుగడుగులు నడిపించి చూడనూ లేదు. నాన్న అక్కడే కూర్చుని ఉన్నారు, మాట ఆయన చెవిన పడింది. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంకోచోట అడిగితే "పరీక్షలన్నీ అయ్యాకే చెప్తాం" అన్నారు. ఎవరి మాట వినాలి? 70 దగ్గర్లో, దాటాక చేయించుకున్నవాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే, తర్వాత ఎలా ఉన్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. ధైర్యం చెప్పే మాటలు మాత్రమే వద్దు.

పిచ్చుకగూడు
పేషెంట్ ఎదురుగానే అలా అనేశారా! రెండో చోటికే వెళ్లండి.

పాత_స్టెతస్కోప్
నేను లివర్ వార్డులో పనిచేసే డాక్టర్ని. కాగితాలు చూడకుండా మీ నాన్నగారి గురించి ఏమీ చెప్పను. వయసు సంగతి మాత్రం చెప్తాను.

అమెరికా లివర్ నిపుణుల సంఘం 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది: వేరే పెద్ద జబ్బులు లేకపోతే 70 దాటడం ఒక్కటే ట్రాన్స్‌ప్లాంట్‌కి అడ్డు కాదు. యూరప్ వాళ్లు 2016లో దాదాపు ఇదే చెప్పారు, కాకపోతే అన్ని విభాగాల డాక్టర్లూ కలిసి చర్చించి తేల్చాలన్నారు. ఎనభైలలో 50 దాటితేనే వెనకాడేవాళ్లు. ఆ గీత జరుగుతూ జరుగుతూ ఇక్కడిదాకా వచ్చింది.

"వయసు అడ్డు కాదు" అంటే "వయసుతో పనే లేదు" అని మాత్రం అనుకోకండి. పాత ఇంటికి కొత్త మోటారు బిగిస్తే పైపులు ఆ ఒత్తిడి తట్టుకోవాలి కదా, ఇదీ అంతే. లివర్ మార్చేటప్పుడు ప్రధాన రక్తనాళాలను బిగించి వదులుతారు. వదిలిన ఆ కొద్ది నిమిషాల్లో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. అది తట్టుకునే గుండె ఉందా అన్నదే మొదటి ప్రశ్న. మీ నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి గుండె రక్తనాళాలను ఇంకా జాగ్రత్తగా చూడాలి. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి తెలియకుండానే పూడికలు ఉండొచ్చు. అందుకే మామూలు ఎకోతో ఆగకుండా అవసరమైతే యాంజియోగ్రామ్ దాకా వెళ్తారు. ఆ తర్వాత ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి, కిడ్నీలు, కండ బలం. ఇవన్నీ చూశాక "వద్దు" అంటే ఆ మాటకి విలువ ఉంటుంది. పుట్టిన తేదీ చూసి చెప్పిన "వద్దు"కి లేదు.

ఎదురుగాలి
థాంక్స్ సార్. కిడ్నీల కోసం చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.3 ఉంది. మంచిదేనా?

పాత_స్టెతస్కోప్
ఆ అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండొద్దు. క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. సిరోసిస్‌లో కండ కరిగిపోయిన మనిషికి కిడ్నీ దెబ్బతిన్నా అంకె తక్కువే కనిపించవచ్చు. కిడ్నీ డాక్టర్‌తో విడిగా చూపించండి. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత వాడే మందులు కిడ్నీ మీదే భారం వేస్తాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

లెక్కల_మాస్టారు
సంఖ్యలు అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి చెప్తున్నా. అమెరికాలో అందరు పేషెంట్లనూ కలిపి చూస్తే ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఏడాది దాటేవాళ్లు 90 శాతానికి పైనే. ఐదేళ్లు దాటేవాళ్లు సుమారు 75 నుంచి 80 శాతం. 65 దాటినవాళ్లను విడిగా తీస్తే ఐదేళ్ల అంకె కొంత తగ్గుతుంది, కానీ కుప్పకూలిపోదు. ఇప్పుడక్కడ కొత్త లివర్ పొందేవాళ్లలో ఐదో వంతు మంది 65 దాటినవాళ్లే.

దీన్ని దేంతో పోలుస్తున్నామన్నది ముఖ్యం. పొట్టలో నీరు, అయోమయం లాంటివి మొదలయ్యాక సిరోసిస్ పేషెంట్లలో సగం మంది రెండేళ్లకు మించి ఉండరన్నది పాత పెద్ద పరిశీలనల లెక్క. అలాంటివేవీ రాని దశలో అయితే పన్నెండేళ్లు దాటుతుంది. మీ నాన్నగారు మొదటి గుంపులోకి వచ్చేశారు. మెల్డ్ 10 నుంచి 19 మధ్య ఉంటే మూడు నెలల్లో చనిపోయే అవకాశం సుమారు 6 శాతం, 20 నుంచి 29 మధ్య అయితే సుమారు 20 శాతం. 19 అంటే ఆ గడప మీద ఉన్నట్టు. స్కోరు 15 దాటాకే ట్రాన్స్‌ప్లాంట్ వల్ల ఆయుష్షు పెరుగుతుందని 2005లో తేల్చారు, దాని ప్రకారం కూడా ఆయన పరిధిలోకి వస్తారు.

శ్రావణమేఘం
మాస్టారూ, మీ లెక్క తప్పనను. కానీ ఆ 90 శాతంలోకి రాని ఇంటివాళ్లం మేము. అందుకే రాస్తున్నా.

నాన్నకి 69లో చేయించాం. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. లివర్ మొదటి రోజు నుంచే పనిచేసింది, బిలిరుబిన్ దిగింది, కళ్ల పసుపు పోయింది. వెంటిలేటర్ తీశారు, మళ్లీ పెట్టారు, మళ్లీ తీశారు. దగ్గి కఫం బయటికి తెచ్చేంత ఓపిక కూడా ఆయనలో లేదు. తర్వాత ఊపిరితిత్తుల్లో ఫంగస్ అన్నారు. రోజూ రిపోర్టులో "లివర్ ఫంక్షన్ నార్మల్" అని వచ్చేది. చివరి రోజు రిపోర్టులోనూ అదే ఉంది. ఆపరేషన్‌కి వెళ్లేటప్పటికే బాగా చిక్కిపోయి ఉన్నారు, కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరం పట్టుకునేవాళ్లం. ఆ బలహీనత గురించి ముందు ఎవరూ మాతో కూర్చుని మాట్లాడలేదు. అది అడిగించుకోండి. 71 అన్న అంకె కన్నా అదే ముఖ్యం.

ఎదురుగాలి
ఇది రాయడానికి మీకెంత కష్టమైందో అర్థమవుతోంది. చాలా థాంక్స్ అండీ. మా నాన్న కూడా బాగా తగ్గిపోయారు. పొట్ట నీటి వల్ల బరువు అలాగే కనిపిస్తుంది, చేతులు చూస్తే ఎముకలే.

నడక_నేస్తం
ఫిజియోథెరపిస్ట్‌ని. శ్రావణమేఘం గారు చెప్పిందాన్ని కొలవడానికి పద్ధతి ఉంది, అదీ ఖరీదైన మిషన్లేమీ లేకుండా. లివర్ ఫ్రెయిల్టీ ఇండెక్స్ అంటారు. మూడే పరీక్షలు. చేత్తో ఒక పరికరాన్ని ఎంత గట్టిగా పిండగలరు, చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి వరుసగా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుంది, పాదాలను మూడు రకాలుగా పెట్టి ఒక్కోదాన్లో పది సెకన్లు తూలకుండా నిలబడగలరా. ఇంకొన్ని చోట్ల ఆరు నిమిషాల నడక పెడతారు. అందులో 250 మీటర్లు కూడా నడవలేనివాళ్లకి ప్రమాదం ఎక్కువని తేలింది.

నేను చూసినంతలో 74 ఏళ్ల మనిషి ఐదుసార్లు చకచకా లేచిన సందర్భాలున్నాయి, 52 ఏళ్ల మనిషి రెండోసారికే ఆయాసపడ్డ సందర్భాలూ ఉన్నాయి. ముఖ్యమైన సంగతి, ఇది కొంతవరకు మార్చుకోగలిగింది. పుట్టిన సంవత్సరాన్ని మార్చలేం, తొడ కండని కొంచెమైనా పెంచగలం.

నీలికలువ
మా అత్తయ్యకి ప్రోటీన్ తగ్గించమన్నారే! అయోమయం వస్తుందని. మరి కండ ఎలా పెరుగుతుంది?

పాత_స్టెతస్కోప్
నీలికలువ గారూ, అది పాత పద్ధతి, ఇంకా అక్కడక్కడా వినిపిస్తూనే ఉంది. ఇప్పటి మార్గదర్శకాలు దానికి పూర్తిగా వ్యతిరేకం. సిరోసిస్ ఉన్నవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి, అయోమయం వచ్చిపోయినవాళ్లకి కూడా. అయోమయం తెప్పించే అమ్మోనియాని లివర్ ఒక్కటే కాదు, కండ కూడా కొంత శుద్ధి చేస్తుంది. ప్రోటీన్ ఆపేస్తే కండ పోతుంది, కండ పోతే అయోమయం ఇంకా పెరుగుతుంది.

ఇంకోటి, రాత్రి పడుకునే ముందు ఏదో ఒకటి తినాలి. జబ్బు లివర్‌లో నిల్వలు ఉండవు కాబట్టి ఒక్క రాత్రి ఖాళీ కడుపు వీళ్లకి ఆరోగ్యవంతుడి రెండు మూడు రోజుల పస్తుతో సమానం. తెల్లారేలోపు ఒళ్లు తన కండనే తినేస్తుంది.

నీలికలువ
రాత్రి ఏడింటికల్లా తినిపించి పడుకోబెడుతున్నాం ఆవిడని! ఇవాళ్టి నుంచే మారుస్తాం. ఇది వేరే టాపిక్‌గా పిన్ చేయండి ఎవరైనా.

రెండో_ఇన్నింగ్స్
నేను పేషెంట్‌నే. 69లో ట్రాన్స్‌ప్లాంట్ అయింది, ఇప్పుడు 75 దాటాను. కాబట్టి ఎదురుగాలి అడిగిన "తర్వాత ఎలా ఉన్నారు" అన్నదానికి నేనే జవాబు.

బాగున్నాను. కానీ బాగుండటం అంటే పాత ఆరోగ్యం తిరిగి రావడం కాదు బాబూ. మొదటి మూడు నెలలు నరకమే. ఐసీయూలో నాకు మతి తప్పింది. పైన లైట్లు వరుసగా కనిపిస్తే రైల్లో ఉన్నాననీ, మా స్టేషన్ దాటిపోతోందనీ గొడవ చేశానట, దిగిపోతానని గొట్టాలు లాగేశానట. మా కోడలు కళ్లజోడూ వినికిడి మిషనూ తెచ్చి పెట్టించి, ఎదురుగా గడియారం ఉంచమని పట్టుబట్టింది. అప్పటి నుంచి మెల్లగా తేరుకున్నాను. పెద్దవాళ్లకి ఇది చాలామందికి జరుగుతుందని తర్వాత డాక్టర్ చెప్పాడు. మీ నాన్నగారి కళ్లజోడు సంగతి ఇప్పుడే రాసిపెట్టుకోండి, ఆ హడావిడిలో ఎవరికీ గుర్తుండదు.

కొత్త లివర్‌ని ఒళ్లు తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ అనే మందు జీవితాంతం వాడాలి. దానివల్ల చేతులు వణికేవి, మొదట్లో నా సంతకం చూసి బ్యాంకువాళ్లు చెక్కు వెనక్కి పంపారు. డోసు తగ్గించాక వణుకు తగ్గింది. బీపీ కొత్తగా వచ్చింది, షుగర్ మందు ఇన్సులిన్‌గా మారింది. ఇవన్నీ ఉన్నా, నా పని నేను చేసుకుంటున్నాను, పొద్దున్నే గంట నడుస్తున్నాను. ఆనాడు నాకు లివర్ ఇచ్చింది చనిపోయిన ఒక పాతికేళ్ల యువకుడి కుటుంబం. మా మనవరాలు "తాతయ్యకి 75, తాతయ్య లివర్‌కి 31" అని అందరికీ చెప్తుంది. ఆ కుటుంబాన్ని తలుచుకోని రోజు లేదు.

పిచ్చుకగూడు
తాతగారూ, మీ మనవరాలు లెక్కల్లో మాస్టారిని మించిపోయేలా ఉంది :)

లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటున్నా :) లివర్ వయసు మాట వచ్చింది కాబట్టి ఒక విశేషం. అమెరికాలో 1990 నుంచి 2022 దాకా జరిగిన రెండున్నర లక్షల ట్రాన్స్‌ప్లాంట్లను జల్లెడపట్టి, దాత దగ్గర ఉన్న ఏళ్లూ పొందినవాళ్ల దగ్గర ఉన్న ఏళ్లూ కలిపితే నూరు దాటిన లివర్లు ఎన్నో చూశారు. 25 దొరికాయి. లివర్ మిగతా అవయవాల్లా ముసలిదైపోదు. యూరప్‌లో, ముఖ్యంగా ఇటలీలో, 80 దాటిన దాతల లివర్లు కూడా వాడుతున్నారు.

సూటిమాట
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను అడుగుతాను. తాతగారి మీద గౌరవంతోనే. ఆ పాతికేళ్ల కుర్రాడి లివర్ వెయిటింగ్ లిస్టులో ఉన్న 30 ఏళ్ల తల్లికి వెళ్లి ఉంటే? ఆమెకి ఇంకా నలభై ఏళ్లు వచ్చేవి కదా. అవయవాలు తక్కువ, ఎదురుచూసేవాళ్లు ఎక్కువ. ఆసుపత్రి వయసు చూడటం తప్పెలా అవుతుంది?

రెండో_ఇన్నింగ్స్
తప్పులేదు బాబూ, ఆ ప్రశ్న నేనూ వేసుకున్నాను. మా డాక్టర్‌నీ అడిగాను. "లిస్టులో ఆ రోజు మీకన్నా ఎక్కువ ప్రమాదంలో ఉండి, ఆ లివర్ సరిపోయేవాళ్లు లేరు" అన్నాడు. ఆ మాట మీదే నిలబడ్డాను.

కోఆర్డినేటర్_అక్క
ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా ఈ ప్రశ్న తరచూ వింటాను. చాలా చోట్ల లిస్టు మెల్డ్ మీద నడుస్తుంది. బిలిరుబిన్, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), క్రియాటినిన్, తర్వాత చేర్చిన సోడియం. వయసు అందులో లేదు. ఎవరు ముందు చనిపోయేలా ఉన్నారో వాళ్లకి ముందు, అదీ సూత్రం.

బ్రిటన్‌లో 2018 నుంచి వేరే పద్ధతి పెట్టారు. లివర్ ఇస్తే ఎంత ఆయుష్షు కలిసొస్తుందో లెక్కగట్టి ఇస్తారు, అందులో వయసు కూడా ఉంది. సూటిమాట గారు కోరేది దాదాపు అదే. తీరా చూస్తే ఆ లెక్క పెద్దవాళ్ల వైపే మొగ్గిందనీ, చిన్న వయసువాళ్లే ఎక్కువ కాలం ఎదురుచూడాల్సి వస్తోందనీ విమర్శలు వచ్చాయి. ఎందుకంటే ఆ సూత్రం రాబోయే ఐదేళ్లనే చూస్తుంది. ఐదేళ్ల గీత దగ్గర ముప్పై ఏళ్లవాళ్లకి మిగిలే నలభై ఏళ్లు కనిపించవు.

సూటిమాట
ఇది నాకు తెలియదు. అయినా నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, లిస్టు నుంచి తీసుకునేటప్పుడు వయసుకి కొంత బరువు ఉండాలి. ఇంట్లోవాళ్లే ఇస్తే మాత్రం అది వేరే సంగతి, అక్కడ ఎవరి వంతూ పోదు.

ఎదురుగాలి
అసలు చిక్కు అక్కడే ఉంది. నాకు ఫ్యాటీ లివర్ ఉందని స్కాన్‌లో తేలింది, నేను పనికిరానన్నారు. చెల్లెలు ఇస్తానంటోంది. తనకి 38, ఇద్దరు చిన్నపిల్లలు. నాన్న ససేమిరా అంటున్నారు. "ఆడపిల్ల ఒంటి మీద కత్తి పెట్టించి నేను బతకను" అని తలుపేసుకున్నారు. చెల్లెలు ఏడుస్తోంది. బావ పైకి ఏమీ అనడం లేదు, కానీ ఆయన మౌనం నాకు అర్థమవుతోంది.

కుడిలోబ్
నేను మా నాన్నకి ఇచ్చాను, ఆయనకి 66 అప్పుడు. నాలుగు మాటలు చెప్తాను.

నొప్పి ఉంటుంది, బాగానే ఉంటుంది. లివర్‌లో సగానికి పైగా, అంటే కుడి భాగం తీస్తారు. మిగిలింది కనీసం 30 శాతమైనా ఉండాలి. కొన్ని వారాల్లోనే చాలావరకు పెరుగుతుంది. తిరిగి పనిలోకి వెళ్లడానికి రెండు మూడు నెలలు పట్టింది, బరువులు ఎత్తడానికి ఇంకా ఎక్కువ. పిత్తం లీక్ అయి మళ్లీ ఒక గొట్టం పెట్టారు నాకు. అది పెద్ద కాంప్లికేషన్ కాదంటారు, పడుకున్నవాడికి పెద్దదే. ప్రాణాపాయం కూడా ఉంది. కుడి భాగం ఇచ్చేవాళ్లలో రెండు వందల నుంచి ఐదు వందల మందిలో ఒకరని చెప్పి సంతకం పెట్టించుకున్నారు. ఇద్దరు చిన్నపిల్లలున్న తల్లి విషయంలో ఆ ఒక్కరు ఎవరన్నది ఆలోచించాలి.

మళ్లీ ఇవ్వమంటే ఇస్తావా అంటే, ఇస్తాను. కానీ నన్ను ఎవరూ బలవంతం చేయలేదు కాబట్టి అలా అనగలుగుతున్నా.

గోరువంక
నేను కుడిలోబ్ గారికి ఎదురు చెప్పడం లేదు, కానీ మీ నాన్నగారి "వద్దు"ని కూడా వినమంటాను. మా అమ్మకి 74. పరీక్షలన్నీ అయ్యాయి, చేయొచ్చన్నారు, తమ్ముడు సిద్ధం. అమ్మ వద్దంది. భయంతో కాదు, బాగా ఆలోచించే వద్దంది. "ఉన్నన్నాళ్లు ఇంట్లో ఉంటాను, నన్ను ఐసీయూలో కలవరపెట్టకండి" అంది.

తర్వాత ఏడాదికి పైగానే ఉంది. నీరు తీయించడం, తీసినప్పుడల్లా ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎక్కించడం, అయోమయం రాకుండా లాక్టులోజ్ మందు, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలకి బ్యాండింగ్. బాధలు తగ్గించడం చూసే పాలియేటివ్ డాక్టర్ నెలకోసారి వచ్చేవారు, దురదకీ నిద్రకీ మందులు సర్దేవారు. చివరి రెండు వారాలు తప్ప మంచం పట్టలేదు. ట్రాన్స్‌ప్లాంట్ వద్దంటే వైద్యం మానేసినట్టు కాదు. ఎవరూ మాకు ఇలా కూడా చేయొచ్చని ముందు చెప్పలేదు, మేమే అడిగి తెలుసుకున్నాం.

శ్రావణమేఘం
గోరువంక గారూ, మీ అమ్మగారు అదృష్టవంతురాలు. మా నాన్నని అడగాల్సిన టైమ్‌లో అందరం ఆయన తరఫున మాట్లాడేశాం.

సూటిమాట
ఆడపిల్ల దగ్గర తీసుకోకూడదన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. కొడుకు ఇస్తే త్యాగం, కూతురు ఇస్తే పాపమా? ఆమె పెద్ద మనిషి, నిర్ణయం ఆమెది.

నీలికలువ
అవును. కానీ పిల్లల్ని చూసుకోవాల్సింది కూడా ఆమే కదా, ఆ మూడు నెలలు వాళ్లని ఎవరు చూస్తారు అన్నది ముందు తేలాలి. బావగారితో ఎవరైనా మాట్లాడారా?

కోఆర్డినేటర్_అక్క
ఎదురుగాలి, ఇందులో మీరు చేయగలిగిన మంచి పని ఒకటుంది. మధ్యలో నిలబడకండి. చెల్లెలిని దాతల కౌన్సెలింగ్‌కి ఒంటరిగా పంపండి. మంచి సెంటర్లలో దాత తరఫున చూసే మనిషి వేరుగా ఉంటారు, పేషెంట్ టీమ్‌తో సంబంధం లేకుండా. ఆమె మనసులో కొంచెమైనా సందేహం ఉంటే అక్కడ చెప్పుకోవచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్లకి "వైద్యపరంగా సరిపోలేదు" అని మాత్రమే చెప్తారు, కారణం బయటపెట్టరు. ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా వచ్చి కూడా వద్దనే హక్కు ఆమెకి ఉంటుంది.

ఇంకో విషయం, ఆమె లివర్ ఆయనకి సరిపోతుందో లేదో కూడా ఇంకా తెలియదు. ఇచ్చే భాగం బరువు, తీసుకునే మనిషి బరువులో కనీసం 0.8 శాతం ఉండాలని చూస్తారు. చెల్లెలు సన్నగా ఉండి నాన్నగారు భారీ మనిషైతే అక్కడే ఆగిపోవచ్చు. కాబట్టి ఇంట్లో యుద్ధం ఇప్పుడే మొదలుపెట్టకండి. ముందు నాన్నగారి పరీక్షలు కానివ్వండి. ఆయన గుండె ఒప్పుకోకపోతే ఈ చర్చే అక్కర్లేదు.

ఎదురుగాలి
మీ అందరి పోస్టులూ ఫోన్ పట్టుకుని నాన్నకి చదివి వినిపించాను. శ్రావణమేఘం గారిదీ దాచలేదు. విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తాతగారి పోస్ట్ మళ్లీ చదవమన్నారు. రైలు గొడవకి నవ్వారు, చాలా రోజుల తర్వాత. "పరీక్షలు చేయించుకుంటాను, పిల్ల దగ్గర తీసుకోవడం సంగతి మాత్రం ఎత్తకండి" అన్నారు. లిస్టులో పేరు పెట్టించడానికి ఒప్పుకున్నారు. వచ్చే వారం అడ్మిషన్.

డాక్టర్ గారూ, రిజెక్షన్ గురించి ఎవరూ రాయలేదు. ముసలివాళ్లలో అది ఎక్కువా?

పాత_స్టెతస్కోప్
తక్కువ. వయసుతో రోగనిరోధక శక్తి మందగిస్తుంది కాబట్టి కొత్త లివర్‌ని తిప్పికొట్టే జోరు కూడా తగ్గుతుంది. అదే మందగింపు వల్ల ఇన్ఫెక్షన్లు సులభంగా పట్టుకుంటాయి. అందుకే పెద్దవాళ్లకి ఇమ్యూనిటీ తగ్గించే మందులు వీలైనంత తక్కువ డోసులో ఉంచడానికి చూస్తారు. కొన్నేళ్ల తర్వాత ప్రాణం మీదికి వచ్చేవి చాలావరకు గుండె జబ్బులు, క్యాన్సర్లు, ఇన్ఫెక్షన్లు, కొత్త లివర్ చెడిపోవడం కన్నా. కాబట్టి తర్వాత లివర్ డాక్టర్ ఒక్కరితో సరిపెట్టకండి. గుండె, కిడ్నీ, చర్మం కూడా క్రమం తప్పకుండా చూపించాలి.

రెండో_ఇన్నింగ్స్
టాక్రోలిమస్ లెవెల్ పరీక్ష రోజు పొద్దున మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ఇది పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఒళ్లు నొప్పులని ఎవరు ఏ మాత్ర ఇచ్చినా, అడగకుండా మింగనివ్వకండి. నొప్పి మాత్రలు కొన్ని కిడ్నీని దెబ్బతీస్తాయి, కొన్ని యాంటీబయాటిక్‌లు ఈ మందు లెవెల్‌ని పైకి తీసుకెళ్తాయి. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఆయన మాట్లాడాలనుకుంటే ఇక్కడ మెసేజ్ పెట్టండి, ఫోన్ చేస్తాను.

కోఆర్డినేటర్_అక్క
అడ్మిషన్ లోపు రెండు పనులు. పళ్లు చూపించండి, చిగుళ్లలో చీము ఉంటే అది ముందు తేలాలి. టీకాలు అడగండి, న్యుమోనియా, ఫ్లూ, హెపటైటిస్ బి. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత లైవ్ టీకాలు (బలహీనపరిచిన బతికున్న క్రిములతో చేసేవి) వేయకూడదు, మిగతావి కూడా అప్పుడు ఇంత బాగా పనిచేయవు.

నడక_నేస్తం
నాన్నగారు చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవగలుగుతున్నారా?

ఎదురుగాలి
ఇందాకే చేయించాం. మూడుసార్లు లేచారు, నాలుగోసారికి చెయ్యి ఆనించారు. ఐదోది కాలేదు.

నడక_నేస్తం
మొదలుపెట్టడానికి అది చాలు. పొట్టలో నీరు తీసిన మర్నాడు చేయించండి, తేలిగ్గా ఉంటుంది. కొంచెం ఎత్తైన కుర్చీ తీసుకుని, పక్కన ఒక మనిషి నిలబడి, పూటకి మూడుసార్లు చొప్పున. కళ్లు తిరిగినా, మాట తడబడినా వెంటనే ఆపి డాక్టర్‌కి చెప్పండి. బరువులు ఎత్తించొద్దు, అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయేమో ఎండోస్కోపీలో తేలాకే ఆ మాట. ఆయన ఎత్తూ, పాదాల వాపు ఎంత ఉందో రాయండి, మిగతా వ్యాయామాలు చెప్తాను.